జబ్బుకి మందు వేయండి, రేసుకి సెలవివ్వండి

అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య యూసీఐ అధ్యక్షులు డేవిడ్ లాపార్టియాన్ గారికి, కమిటీ సభ్యులకు, ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ వాడా వైద్య విభాగం వారికి,

నమస్కారం.

రైడర్‌కి జబ్బు చేస్తే మందు వేసుకోవడానికి మీ అనుమతి అక్కర్లేదు. టీమ్ డాక్టర్ ఉంటాడు, మందుల షాపు ఉంటుంది. మీరిచ్చే అనుమతి ఆ మందు ఒంట్లో ఉండగా రేసులో దిగడానికి. ఈ రెండూ వేర్వేరు సంగతులు. కానీ ఈ అనుమతుల మీద, అంటే టీయూఈల (వైద్య అవసరం కోసం నిషేధిత మందుకిచ్చే మినహాయింపుల) మీద, ఎప్పుడు గొడవ మొదలైనా ఈ రెండిటినీ ఒకే మూట కట్టేస్తారు. ఒకరేమో “జబ్బు మనిషికి మందు కూడా వద్దంటారా?” అని అడుగుతారు. ఇంకొకరు “అందరూ దొంగలే” అని తేల్చేస్తారు. నేను ఈ రెండు మాటలూ అనను. మందు వద్దని ఎవరూ అనకూడదు. నా ప్రశ్న రేసు గురించే. అందులోనూ ముఖ్యంగా ఒక రకం మందు గురించి: నోటి ద్వారానో ఇంజెక్షన్ ద్వారానో ఒళ్లంతా పాకే గ్లూకోకార్టికాయిడ్లు. రైడర్ల మాటల్లో చెప్పాలంటే కార్టిజోన్.

ఇప్పటి టీయూఈ పద్ధతి లేని రోజుల్లో ఏం జరిగేదో ముందు చెప్పాలి, లేకపోతే నా వాదన కఠినంగా కనిపిస్తుంది. 2001 టూర్ డి ఫ్రాన్స్‌లో విశ్రాంతి రోజున పో పట్టణం దగ్గర ప్రాక్టీస్‌కి వెళ్లిన అమెరికా రైడర్ జోనథన్ వాటర్స్‌ని కంటి దగ్గర కందిరీగ కుట్టింది. అతనికి అలర్జీ. కన్ను ఉబ్బి మూసుకుపోయింది. కార్టిజోన్ ఇంజెక్షన్ ఇస్తే వాపు దిగుతుంది. కానీ ఇంజెక్షన్ తీసుకుని రేసులో ఉంటే టెస్టులో పాజిటివ్ వస్తుంది. అతని టీమ్ క్రెడీ అగ్రికోల్ నిబంధన దాటలేదు. ఆల్ప్స్, పిరనీస్ దాటొచ్చిన రైడర్ల గుంపులో ఒక కన్నుతో తొక్కడం కుదరక అతను రేసు వదిలి వెళ్లిపోయాడు. ఆ ఏడాది పారిస్‌లో విజేతగా పసుపు జెర్సీతో నిలబడ్డ లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ పేరు, డోపింగ్ బయటపడటంతో, ఇప్పుడు విజేతల పట్టికలో లేదు. వాటర్స్ కూడా తన కెరీర్‌లో డోపింగ్ చేశానని తర్వాత ఒప్పుకున్నాడనుకోండి. సైక్లింగ్‌లో మచ్చలేని కథానాయకుణ్ణి వెతకడం అంత తేలిక కాదు.

ఈ ఉదంతం చెప్పి “చూశారా, మినహాయింపు ఎంత అవసరమో” అంటారు చాలామంది. దానికి రెండేళ్ల ముందు జరిగింది కూడా పక్కన పెట్టి చూడండి. 1999 టూర్‌లో ఆర్మ్‌స్ట్రాంగ్ నమూనాలో ట్రయామ్సినోలోన్ అనే కార్టిజోన్ రకం మందు కనబడింది. జీను పుండుకి రాసుకున్న క్రీము వల్ల వచ్చిందంటూ టీమ్ ఒక చీటీ చూపించింది. ఆ చీటీ వెనకటి తేదీ వేసి పుట్టించిందేనని సాక్షులు చెప్పారు, 2012లో అమెరికా డోపింగ్ నిరోధక సంస్థ నివేదికలో అది నమోదైంది. అప్పటి యూసీఐ మాత్రం ఆ చీటీని ఒప్పుకుంది. ఒకడు నిబంధన పాటించి ఒంటికన్నుతో ఇంటికి పోయాడు, ఇంకొకడు కాగితం చూపించి పసుపు జెర్సీతో ముందుకు సాగాడు.

నిజమే, ఇప్పుడు అలాంటి చీటీలు చెల్లవు. దరఖాస్తులో జబ్బు పేరు, పరీక్షల రిపోర్టులు, మందు, మోతాదు, ఎలా ఇస్తారు, ఎన్ని రోజులు, అన్నీ రాయాలి. మినహాయింపుకి ప్రధానంగా నాలుగు షరతులున్నాయి. నిజంగా జబ్బు ఉండాలి. నిషేధం లేని మందుతో పని జరగకపోవాలి. ఆ అవసరం పాత డోపింగ్ వల్ల వచ్చింది కాకూడదు. ఈ మూడింటితో నాకు పేచీ లేదు. డాక్టర్లు కూర్చుని తేల్చగలిగినవే. మిగిలిన ఒక్క షరతు దగ్గరే మొత్తం వ్యవహారం జారిపోతోంది: ఆ మందు రైడర్‌ని మామూలు ఆరోగ్యానికి తేవాలి తప్ప అంతకుమించి లాభం ఇవ్వకూడదు.

ఇది కొలిచేదెవరు? దేనితో?

టీమ్ స్కైలో ఉన్న బ్రిటిష్ రైడర్ బ్రాడ్లీ విగిన్స్ ఇంజెక్షన్లనే ఉదాహరణకి తీసుకోండి. 2011 టూర్‌కి ముందు ఒకటి, 2012 టూర్‌కి ముందు ఒకటి, 2013లో ఇటలీ రేసు జీరో డి ఇటాలియాకి ముందు ఒకటి. ప్రతిసారీ 40 మిల్లీగ్రాముల ట్రయామ్సినోలోన్, కండలోకి. కారణం పుప్పొడి అలర్జీ. అన్నిటికీ మీ అనుమతి ఉంది. రూలు ప్రకారం ఒక్క తప్పూ లేదు. 2012లో ఇంజెక్షన్ తేదీ జూన్ 26, లీజ్‌లో టూర్ మొదలైంది జూన్ 30న. ఆ టూర్ అతనే గెలిచాడు. 2016లో ఫ్యాన్సీ బేర్స్ అనే హ్యాకర్లు వాడా ఫైళ్లు దొంగిలించి బయటపెట్టేదాకా ఈ సంగతి లోకానికి తెలియదు.

ఈ మందు పనిచేసే తీరు కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే చర్చల్లో దీన్ని “అలర్జీ ఇంజెక్షన్” అని ఒక్క ముక్కలో దాటేస్తుంటారు. అది నీళ్లలా కరిగిపోయే మందు కాదు. సన్నటి రేణువులు కలిసిన తెల్లటి ద్రవం, సూది గుచ్చే ముందు సీసా ఊపాలి. పిరుదు కండలో లోతుగా ఇస్తారు. రేణువులు అక్కడే ఉండిపోయి కొద్దికొద్దిగా రక్తంలోకి వస్తుంటాయి, వారాల తరబడి. టూర్ మూడు వారాలు. ముక్కు దిబ్బడ, తుమ్ములు, కళ్ల దురద, ఇవన్నీ తగ్గుతాయి. అవి మాత్రమే తగ్గితే ఈ లేఖ రాసే పనే ఉండదు. నొప్పి మీద, వాపు మీద, అలసట మీద కూడా ఆ మందు చెయ్యి పడుతుంది. డోపింగ్‌కి రెండేళ్ల నిషేధం అనుభవించి, తర్వాత దాని గురించి దాపరికం లేకుండా మాట్లాడిన మాజీ రైడర్ డేవిడ్ మిల్లర్ తను వాడినవాటిలో దీని ప్రభావం గురించి ప్రత్యేకంగా చెప్పాడు. ఒళ్లు బాగా సన్నబడుతుంది కానీ కాళ్ల బలం తగ్గదని అతని అనుభవం. కొండ ఎక్కే రేసులో ఇంతకంటే ఏం కావాలి? ప్రతి కిలో ఒంటి బరువుకీ కాళ్లు ఎన్ని వాట్ల శక్తి ఇస్తాయన్నదే అక్కడ లెక్క.

మామూలు మనిషి పుప్పొడి అలర్జీతో డాక్టర్ దగ్గరికి వెళ్తే ముక్కులో కొట్టుకునే స్ప్రే రాస్తారు, యాంటీహిస్టమిన్ మాత్రలు రాస్తారు. నేరుగా ఈ ఇంజెక్షన్ ఎత్తుకోరు. విగిన్స్ మోసం చేశాడని నేను అనడం లేదు. అతను, టీమ్ స్కై ఇద్దరూ ఆ ఆరోపణని గట్టిగా ఖండించారు. 2018 మార్చిలో బ్రిటిష్ పార్లమెంటు కమిటీ మాత్రం, వాడా నిబంధనల లోపలే ఉంటూ జబ్బు అవసరాన్ని మించి ఆట మెరుగుదల కోసం మందులు వాడారని, టీమ్ నైతిక గీత దాటిందని నివేదికలో రాసింది. ఎవరి మాట నిజమో నాకు తేల్చే దారి లేదు. నన్ను కలవరపెట్టేది ఏమిటంటే మీకూ లేదు. ముక్కు తెరుచుకోవడానికి పనికొచ్చిన మిల్లీగ్రాములు ఎన్ని, కొవ్వు కరగడానికి పనికొచ్చినవి ఎన్ని అని విడదీసే పరీక్ష ఏ ల్యాబ్‌లోనూ లేదు. మూడు వారాల్లో మూడు వేల పైచిలుకు కిలోమీటర్లు తొక్కబోయే మనిషికి “మామూలు ఆరోగ్యం” ఎక్కడ ఆగుతుందో గీత గీయగలవాళ్లూ లేరు. పరీక్షించలేని షరతుని కాగితం మీద పెట్టుకుని, దాని కింద సంతకాలు చేస్తున్నారు మీరు.

మీరు చేసిన మంచి పని కూడా చెప్పాలి. 2014లో స్విట్జర్లాండ్ రేసు టూర్ డి రొమాండీలో టీమ్ స్కై రైడర్ క్రిస్ ఫ్రూమ్‌కి ప్రెడ్నిసోలోన్ అనే గ్లూకోకార్టికాయిడ్ మాత్రలకి అనుమతి ఇచ్చారు, రోజుకి 40 మిల్లీగ్రాములు. కమిటీ కూర్చోలేదు, ఒక్క డాక్టర్ నిర్ణయంతో పని అయిపోయింది. ఫ్రూమ్ ఆ రేసు గెలిచాడు. విషయం పత్రికల్లో పడ్డాక మీరు పద్ధతి మార్చారు: ముగ్గురు నిపుణులు చూడాలి, ముగ్గురూ ఒప్పుకోవాలి. బాగుంది. సంఖ్యలు కూడా తగ్గాయి. మీ లెక్కల ప్రకారమే 2009లో 239 మినహాయింపులు, 2015లో 13. ఈ తగ్గుదల అంతా నిజాయితీ ఖాతాలో వేయకండి. 2010 నుంచి పీల్చే సాల్బుటమాల్ లాంటి ఆస్తమా మందులకి టీయూఈ అవసరం లేకుండా పోయింది, లెక్కలో పెద్ద వాటా అలా మాయమై ఉంటుంది. 2014లో మీరే వేయించిన స్వతంత్ర సంస్కరణ కమిషన్ ముందు ఒక రైడర్, తన అంచనాలో 90 శాతం టీయూఈలు ఆట మెరుగుదలకే వాడారని చెప్పాడు. ఒక్కడి అభిప్రాయమే, సర్వే కాదు. అయినా లోపలి మనిషి నోట అంత పెద్ద అంకె ఎందుకు వచ్చిందో ఆలోచించాలి కదా.

ఇంకో మాట చెప్పింది ఫ్రూమే. 2015 టూర్ చివరి వారంలో అనారోగ్యంగా ఉంటే టీయూఈ తీసుకునే అవకాశం వచ్చిందని, నైతికంగా మనసొప్పక వద్దన్నానని 2017లో విలేకరులకి చెప్పాడు. టీయూఈ లేకుండానే గెలిచాడు. రూలు సరేనంటే రైడర్ మనసు వద్దంది. ఇది అతని గొప్పతనమే కావచ్చు, రూలుకి మాత్రం గొప్ప కాదు. పసుపు జెర్సీ వేసుకున్న మనిషి, మూడు వారాల అలసటలో, దగ్గుతూ, రాత్రి హోటల్ గదిలో కూర్చుని నీతి ఎక్కడిదాకా అని తేల్చుకోవాలా? ఆ భారం మీది.

అందుకే నేను అడుగుతున్నది సూటిగా చెప్తాను. ఒళ్లంతా పాకే గ్లూకోకార్టికాయిడ్ అవసరమైనంత జబ్బు వచ్చిన రైడర్‌కి మందు వేయండి, వీపు మీది నంబర్ తీసేయండి. పోటీకి ముందైతే మొదలుపెట్టనివ్వకండి, పోటీ మధ్యలో అయితే ఆపించండి. ఎన్ని రోజులు బయట ఉండాలో కొత్తగా కనిపెట్టక్కర్లేదు. మందు ఒంట్లోంచి పోవడానికి పట్టే గడువుల పట్టిక వాడా దగ్గరే ఉంది: మాత్రల్లో చాలావాటికి 3 రోజులు, కండలోకి ఇచ్చే ట్రయామ్సినోలోన్‌కి 60 రోజులు. 2022 జనవరి 1 నుంచి పోటీ సమయంలో గ్లూకోకార్టికాయిడ్ ఇంజెక్షన్లు ఏ రూపంలోనైనా నిషేధమనే రూలు వాడాయే తెచ్చింది. ఆ గోడ కట్టి, పక్కనే టీయూఈ అనే దొడ్డిదారి వదిలేశారు. ఆ తలుపు మూసేయండి, అంతే.

ఇది ఆచరణలో లేనిదేమీ కాదు. 2007లో కొన్ని టీమ్‌లు కలిసి నమ్మదగ్గ సైక్లింగ్ కోసం ఎంపీసీసీ అనే సంఘం పెట్టుకున్నాయి. కార్టిజోన్ ఇంజెక్షన్ తీసుకుంటే కనీసం 8 రోజులు రేసుకి దూరం. కార్టిజోన్ వాడితే శరీరం తనే తయారు చేసుకునే కార్టిజాల్ హార్మోన్ తగ్గుతుంది. అది రక్తంలో పడిపోతే ఆ రైడర్ రేసు మొదలుపెట్టడు. 2013లో స్పెయిన్ రేసు వుయెల్టా గెలిచిన క్రిస్ హార్నర్ మరుసటి ఏడాది టైటిల్ నిలుపుకోవడానికి వచ్చాడు. బ్రాంకైటిస్‌కి కార్టిజోన్ వాడాడు, టీయూఈ ఉంది, మీ రూలు ప్రకారం దిగొచ్చు. కార్టిజాల్ తక్కువ వచ్చింది. లాంప్రే టీమ్ సంఘంలో సభ్యురాలు కాబట్టి అతన్ని స్టార్ట్ లైన్ దగ్గరికి కూడా రానివ్వలేదు. నిరుటి విజేత ఇంటికి, అదీ అన్ని కాగితాలూ చేతిలో ఉండగా. అతనికి కడుపు మండే ఉంటుంది. కానీ ఆ నిర్ణయంలో ఆరోగ్యం సంగతీ ఉంది: కార్టిజాల్ పడిపోయిన శరీరం పెద్ద దెబ్బ తగిలినా, ఇన్ఫెక్షన్ వచ్చినా తట్టుకోలేదు. చిక్కల్లా సంఘంలో చేరడం స్వచ్ఛందం కావడమే. టీమ్ స్కై ఎప్పుడూ చేరలేదు. ఒకే రేసులో కొందరికి ఒక రూలు, మిగతావాళ్లకి ఇంకోటి. ఆ రూలు ఖరీదు కట్టేది దాన్ని పాటించేవాళ్లే.

“ఏడాది కష్టం ఒక్క అలర్జీ వల్ల పోవాలా?” అని అడుగుతారు. పోతుంది. తొలి స్టేజీలో కింద పడి మెడ ఎముక విరిగినవాడికీ ఏడాది కష్టం పోతుంది. అతని తప్పేమీ లేకపోవచ్చు, ముందున్నవాడు బ్రేకు వేసి ఉండొచ్చు. అన్యాయమని ఎవరైనా అన్నారా? అంబులెన్స్ ఎక్కించి పంపిస్తాం, వచ్చే ఏడాది రమ్మంటాం. శ్వాసనాళానికి వచ్చిన కష్టాన్ని మాత్రం ఎముకకి వచ్చిన కష్టం కంటే వేరుగా ఎందుకు చూడాలి? వాటర్స్ నా పద్ధతిలో కూడా రేసు పోగొట్టుకునేవాడే, అది దాచను. కానీ మూసుకుపోయిన కన్నుతో రేసా, సూదా అని ఊగిసలాడే పని ఉండేది కాదు. వెంటనే ఇంజెక్షన్ వేయించుకుని వెళ్లిపోయేవాడు.

టీమ్ డాక్టర్ గురించి కూడా ఆలోచించండి. అతని జీతం టీమ్ ఇస్తుంది. టీమ్ ఉద్యోగాలు స్పాన్సర్ చేతిలో, స్పాన్సర్ మనసు ఫలితాల చేతిలో. దారి తెరిచి ఉన్నంతకాలం “ఒకసారి అప్లై చేసి చూడండి డాక్టర్” అనే మాట వస్తూనే ఉంటుంది. దారి లేకపోతే ఆ మాటే రాదు. అప్పుడు డాక్టర్ ముందున్నది జబ్బు ఒక్కటే. నిజానికి నా ప్రతిపాదన వల్ల ఎక్కువ ఊపిరి పీల్చుకునేది నిజాయితీగల టీమ్ డాక్టర్లేనని నా నమ్మకం.

మరి పుట్టుకతోనో, జీవితాంతమో ఉండే జబ్బుల మాట? అక్కడ టీయూఈ ఉండాల్సిందే. టీమ్ నోవో నార్డిస్క్‌లో రైడర్లందరికీ టైప్ 1 మధుమేహం. ఇన్సులిన్ నిషేధిత జాబితాలో ఉంది. ఇన్సులిన్ లేకపోతే వాళ్లు రేసు కాదు, బతకనే లేరు. శరీరం తయారు చేయలేనిదాన్ని బయటనుంచి ఇస్తున్నారు, ఎంత ఇవ్వాలో రక్తంలో చక్కెర కొలిచి తెలుసుకోవచ్చు. అడ్రినల్ గ్రంథులు పనిచేయక రోజూ హైడ్రోకార్టిజోన్ మీద ఆధారపడేవాళ్లదీ అదే పరిస్థితి, అది గ్లూకోకార్టికాయిడే అయినా నా నిషేధం వాళ్లకి వర్తించకూడదు. జూన్ చివర్లో, పెద్ద రేసుకి నాలుగు రోజుల ముందు వచ్చే అవసరాన్ని వాళ్ల పక్కన కూర్చోబెట్టడం వాళ్లని అవమానించడమే.

ఇన్హేలర్ల గురించి ఎక్కువ చెప్పను, అది వేరే లేఖకి సరిపడా గొడవ. ఒక్కటి మాత్రం: 2016లో సైమన్ యేట్స్ అనే రైడర్ టీమ్ డాక్టర్, ఆస్తమాకి వాడే టెర్బుటలిన్ ఇన్హేలర్‌కి టీయూఈ అడగడం మర్చిపోయాడు. మోసం లేదని మీరే ఒప్పుకుని నాలుగు నెలలు నిషేధించారు. కాగితం లేని ఇన్హేలర్‌కి నాలుగు నెలలు, కాగితం ఉన్న ట్రయామ్సినోలోన్‌కి సున్నా.

నా ప్రతిపాదనలో ఒక కన్నం ఉంది, మీరు ఎత్తి చూపకముందే చెప్తాను. గ్లూకోకార్టికాయిడ్లు పోటీ సమయంలోనే నిషేధం. శీతాకాలపు శిక్షణ శిబిరంలో ఎవరైనా కండలోకి ట్రయామ్సినోలోన్ వేయించుకుని, ఒళ్లు సన్నబరుచుకుని, 60 రోజులు ఆగి రేసుకి వస్తే టీయూఈ కూడా అడగక్కర్లేదు. టీయూఈ దారి మూస్తే కొందరు ఇటు మళ్లుతారు. కాబట్టి పోటీ బయట కూడా ప్రతి ఇంజెక్షన్‌నీ కారణంతో సహా మీ వైద్యులకి తెలియజేయడం తప్పనిసరి చేయాలి. నొప్పి మందు ట్రామడాల్ విషయంలో వాడా కంటే ముందే, 2019 మార్చిలో, సైక్లింగ్‌లో నిషేధించినవాళ్లు మీరు. వాడా 2024లో మీ వెనక వచ్చింది. అంటే ముందడుగు వేయడం మీకు చేతనైన పనే.

చివరిగా రహస్యం సంగతి. పేర్లు బయటపెట్టమని నేను అడగను. ఫ్యాన్సీ బేర్స్ చేసింది దొంగతనం. ఏ తప్పూ చేయని ఎంతోమంది క్రీడాకారుల జబ్బుల వివరాలు దాంతో వీధిన పడ్డాయి. రైడర్‌కి ఉన్న జబ్బు అభిమానికి తెలియాల్సిన పనిలేదు. కానీ రహస్యం పేరుతో మొత్తం లెక్కనే చీకట్లో ఉంచనక్కర్లేదు. పేరు, టీమ్, దేశం తీసేసి, సీజన్ ముగిశాక ఒక పట్టిక ఇవ్వొచ్చు: ఏ మందు, ఏ రూపంలో, ఎంత మోతాదు, రేసుకి ఎన్ని రోజుల ముందు, ఇచ్చారా, తిరస్కరించారా. 239, 13 అని అంకెలు మాత్రమే చెప్తే మాకేం అర్థమవుతుంది? ఆ 13లో ఇన్సులిన్ ఎన్ని, జూన్ నెలలో కార్టిజోన్ ఎన్ని?

నిబంధన మార్చాలంటే కమిటీలు కూర్చోవాలి, వాడా జాబితా కదలాలి, టీమ్‌లతో మాట్లాడాలి, ఏడాదో రెండేళ్లో పడుతుంది. పట్టిక ఇవ్వడానికి అవేవీ అక్కర్లేదు, వివరాలన్నీ మీ కంప్యూటర్లలోనే ఉన్నాయి. 2009 నుంచి ఈ సీజన్ దాకా పేర్లు లేని ఆ లెక్క ముందు విడుదల చేయండి. మిగతాది దాని మీద మాట్లాడుకుందాం.

ఇట్లు,
రేసులు వదలకుండా చూసే ఒక తెలుగు అభిమాని